ఒక్క పంటి తేడా

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం పంపవలసిందిగా కార్యదర్శి గారు కోరినారు. పెన్షన్, డి.ఏ., వైద్య సదుపాయాల గురించి రాయడానికి నాకన్నా సమర్థులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. అందువల్ల ముప్పై ఏళ్ళకు పైగా నాకు అన్నం పెట్టిన వస్తువు గురించే నాలుగు మాటలు రాయదలచాను. అది బండి వెనక ఇరుసు. శీర్షికలోని పన్ను ఆదాయపు పన్ను కాదని ముందే మనవి చేస్తున్నాను. ఇది క్రౌన్ వీల్‌కూ, పినియన్‌కూ ఉండే పన్ను.

మన సభ్యుల పిల్లలు చాలామంది నేడు అమెరికాలో ఉన్నారు. అక్కడికి వెళ్ళి వచ్చినవారు ఇళ్ళ ముందు నిలిపి ఉంచిన పికప్ ట్రక్కులనూ, వాటి వెనక తగిలించిన పడవల ట్రైలర్లనూ, గుర్రాల ట్రైలర్లనూ, చక్రాల మీద ఇల్లు వంటి కారవాన్లనూ చూసే ఉంటారు. నేను మా అమ్మాయి దగ్గర టెక్సస్‌లో ఉన్న రోజుల్లో ఇటువంటి పాత పికప్‌లు ఎన్నో చూశాను. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే ఇంజన్ ఉన్న రెండు బండ్లలో ఒకటి రెండు టన్నుల ట్రైలర్‌ను హాయిగా లాగుతుంది. రెండవది అదే బరువుకు ఆపసోపాలు పడుతుంది. కారణం బానెట్ కింద ఉండదు, వెనక ఇరుసులో ఉంటుంది. ఈ సంగతి వంద సంవత్సరాలకు పైబడిన చరిత్ర.

లెక్క ఏమిటి?

గ్యారేజీ వాసన తెలియని సభ్యుల కోసం రెండు మాటలు. ఇంజన్ శక్తి గేర్ బాక్స్ దాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనక్కి వస్తుంది. అక్కడ చిన్న పినియన్ పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. క్రౌన్ వీల్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే ఇరుసు నిష్పత్తి. క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 11 పళ్ళు ఉంటే 3.73. అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి. అంక పెరిగేకొద్దీ లాగే బలం పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. అంక తగ్గితే పరుగు ఎక్కువ, బలం తక్కువ. రెండూ ఒకేసారి దొరకవు. ఈ బేరంలో ఎప్పుడు ఎవరు ఎటు మొగ్గారన్నదే ఇరుసు చరిత్ర.

మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగడానికి వీలు కల్పించే డిఫరెన్షియల్‌ను ఫ్రాన్సు దేశపు ఒనెసిఫోర్ పెక్కర్ 1827లో ఆవిరి బండి కోసం రూపొందించాడు. మోటారు కార్లు వచ్చేనాటికి ఆ ఏర్పాటు సిద్ధంగా ఉంది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారుకు క్రౌన్ పళ్ళు 40, పినియన్ పళ్ళు 11, అంటే 3.64. ఇంజన్ బలం 20 అశ్వశక్తి మాత్రమే.

కమ్మరి కొలిమి నుంచి ట్రైలర్

ట్రైలర్ కథ కూడా ఆ కారుతోనే మొదలైంది. 1914లో డెట్రాయిట్ నగరంలో ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి తన పడవను దూరంగా ఉన్న సరస్సు ఒడ్డుకు చేర్చాలనుకున్నాడు. గుర్రపు బండి కాక, తన మోడల్ టి కారుతోనే లాగించాలని ఆయన కోరిక. ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి, బండ్లు తయారుచేసే ఆయన, దానికి తగిన ట్రైలర్ చేసి ఇచ్చాడు. అది బాగా పనిచేయడంతో సిబ్లీ తన కలప అడితికి కూడా ట్రైలర్లు చేయించుకున్నాడు. ఆ కొలిమే 1918లో ఫ్రూహాఫ్ ట్రైలర్ కంపెనీ అయింది. నేడు లోకమంతా తిరిగే సెమీ ట్రైలర్ లారీల వంశవృక్షానికి అది ఒక ప్రధానమైన వేరు.

మన ఎద్దుబండి తెలిసినవారికి ఇందులో వింత లేదు. ఎద్దు వీపు మీద మోయగలిగిన దానికి ఎన్నో రెట్లు కాడికి కట్టి లాగుతుంది. మోటారు బండి కూడా అంతే. అయితే ఎద్దుకు బరువు ఎక్కువైతే అదే అడుగు నెమ్మది చేసుకుంటుంది. ఇంజన్ అలా చేసుకోలేదు. దాని చుట్లు ఒక స్థాయికి దిగువకు పడితే ఆగిపోతుంది. ఎద్దు తనంతట తాను చేసుకునే సర్దుబాటును ఇంజన్‌కు పళ్ళ చక్రాలతో మనం చేసిపెట్టాలి.

ఫోర్డ్ కంపెనీ ఈ పాఠాన్ని వెంటనే గ్రహించింది. 1917లో మోడల్ టి.టి. పేరుతో ఒక టన్ను ట్రక్కు తెచ్చినప్పుడు ఇంజన్ మార్చలేదు. వెనక ఇరుసు మార్చింది. దానికి వార్మ్ గేరు పెట్టి నిష్పత్తి 7.25 చేసింది. ఫలితంగా గంటకు 15 మైళ్ళకు మించి నడపవద్దని చెప్పవలసి వచ్చింది. తొందర ఉన్నవారికి సుమారు 5.17 నిష్పత్తి గల ఇరుసు కూడా దొరికేది, దానితో 22 మైళ్ళు. అదే 20 అశ్వశక్తి ఇంజన్ ఒకచోట కారునూ, ఇంకోచోట టన్ను బరువునూ లాగింది. 1925లో ఫోర్డ్ తన కర్మాగారంలోనే పికప్ తొట్టి బిగించి అమ్మడం ఆరంభించింది. అమెరికా రైతు ఇంటి ముందు పికప్ నిలిచింది ఆ విధంగానే.

1926లో ప్యాకార్డ్ కార్లలో హైపాయిడ్ గేర్లు వచ్చాయి. గ్లీసన్ సంస్థ యంత్రాల మీద కోసిన ఈ గేర్లలో పినియన్ క్రౌన్ మధ్యరేఖకు దిగువన ఉంటుంది. షాఫ్ట్ కిందికి దిగడంతో కారు నేల ఎత్తు తగ్గింది. పినియన్ కొంచెం లావు కావడంతో బలమూ పెరిగింది. అయితే పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి కనుక మామూలు ఆయిల్ నిలవదు. హౌసింగ్‌లో ఏ ఆయిల్ పడితే ఆ ఆయిల్ పోయరాదని మన ఫోర్‌మెన్లు కేకలు వేసేది అందుకే.

మనకు తెలిసిన జీపు

ఈ చరిత్రలో మన దేశం వారందరికీ పరిచయమైన బండి ఒకటి ఉంది, విల్లీస్ జీపు. రెండవ ప్రపంచ యుద్ధపు జీపుకు క్రౌన్ పళ్ళు 39, పినియన్ పళ్ళు 8. నిష్పత్తి 4.88. ఇంజన్ 60 అశ్వశక్తి. వెనక పావు టన్ను ట్రైలర్ తగిలించి యుద్ధభూమిలో తిప్పారు. 1945లో యుద్ధం ముగియగానే ఆ కంపెనీ జీపును రైతులకు అమ్మజూపింది. నాగలి లాగాలి, ట్రైలర్ లాగాలి, మోటారు పంపు తిప్పాలి. అప్పుడు చేసిన మార్పులలో ముఖ్యమైనది ఇరుసులోనే. పినియన్ 8 పళ్ళే ఉంచి, క్రౌన్‌ను 43 పళ్ళకు పెంచారు. నిష్పత్తి 5.38 అయింది. అంటే నూటికి పది వంతుల బలం పెరిగింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మహీంద్రా వారు మన దేశంలో బిగించి అమ్మిన జీపుల మూలం ఈ రైతు జీపే. ప్రభుత్వ శాఖల జీపులు వెనక ట్రైలర్‌తో బురద కాలువ గట్ల మీద పోవడం మన తరం వారు చూసినదే. అంత చిన్న ఇంజన్ అంత పని ఎలా చేసిందని ఆశ్చర్యపోయేవాళ్ళం. ఆ రహస్యంలో సగం ఆ 43 పళ్ళలో ఉంది. అదే జీపు తారు రోడ్డు మీద గంటకు 50 మైళ్ళు దాటితే ఎందుకు అరిచేదో కూడా దానితోనే తెలుస్తుంది.

పది, పదకొండు, పన్నెండు

ఇక అమెరికా పికప్‌లకు వద్దాం. షెవ్రొలే పికప్‌ల వెనక ఇరుసులో ప్రసిద్ధమైన మూడు జతలు ఉన్నాయి. మూడింటికీ క్రౌన్ పళ్ళు 41. పినియన్ పళ్ళు 12 అయితే 3.42, 11 అయితే 3.73, 10 అయితే 4.10. ఒక్కొక్క పన్ను తగ్గించినప్పుడల్లా తొమ్మిది, పది శాతం లాగే బలం పెరుగుతుంది. ఇవి కాక తేలికైన పనికి 3.08 నిష్పత్తి ఉండేది.

దీన్ని రోడ్డు మీద చూద్దాం. 29 అంగుళాల ఎత్తు టైరు మైలుకు సుమారు 695 సార్లు తిరుగుతుంది. గంటకు 60 మైళ్ళ వేగమంటే నిమిషానికి ఒక మైలు, అంటే టైరు నిమిషానికి 695 చుట్లు. టాప్ గేరులో 3.08 ఇరుసు ఉంటే ఇంజన్ సుమారు 2,140 చుట్లు, 3.73 ఉంటే 2,590, 4.10 ఉంటే 2,850 తిరుగుతుంది. ఖాళీ బండికి మొదటిది మేలు, పెట్రోలు మిగులుతుంది. ట్రైలర్ ఉన్న బండికి, చక్రం దగ్గర 3.08 కంటే 3.73కు 21 శాతం, 4.10కు 33 శాతం ఎక్కువ బలం అందుతుంది.

1973 అక్టోబరు ఈ బేరాన్ని ఒక్కసారిగా ఒకవైపుకు తోసింది. అరబ్బు దేశాలు చమురు ఆపివేశాయి. 1974 జనవరిలో అమెరికా దేశమంతటా గంటకు 55 మైళ్ళ వేగపరిమితి చట్టమైంది. 1975 చట్టం ద్వారా కార్లకూ, ఆ తరువాత 1979 మోడళ్ళ నుంచి చిన్న ట్రక్కులకూ ఇంధన పొదుపు ప్రమాణాలు వచ్చాయి. కంపెనీలు చేతికి అందిన సులువైన మార్గం పట్టుకున్నాయి. ఇరుసు అంకెలు తగ్గించాయి. 3.08, ఇంకా కిందికి 2.73 కూడా వచ్చాయి. చూడడానికి బండి అదే, ఇంజన్ అదే. లాగే గుణం మాత్రం పోయింది.

తరువాత ఓవర్‌డ్రైవ్ వచ్చింది. ఫోర్డ్ 1980లోనూ, జనరల్ మోటార్స్ 1982లోనూ నాలుగు గేర్ల ఆటోమేటిక్ బాక్సులు తెచ్చాయి. జనరల్ మోటార్స్ బాక్సులో నాలుగవ గేరు 0.70. దానితో 3.73 ఇరుసు ఉన్నా, హైవే మీద నికరంగా 2.61 ఇరుసు ఉన్నట్టే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. ట్రైలర్ తగిలిస్తే మూడవ గేరులో ఉంచి పూర్తి 3.73 వాడుకోవచ్చు. పొదుపు, బలం రెండింటినీ ఒక బండిలో ఇమిడ్చిన మంచి ఏర్పాటు ఇది. అయితే బరువు తగిలించి కూడా నాలుగవ గేరులోనే నడిపితే, బాక్సు మూడుకూ నాలుగుకూ మధ్య ఊగిసలాడి ఆయిల్ కాగిపోతుంది. పాత బండ్ల ఆటోమేటిక్ బాక్సులు చెడిపోవడానికి ఇది పెద్ద కారణం.

నిందపడ్డ డ్రైవరు

ఈ అంకెలు మనుషుల బతుకుల మీద ఎలా పడతాయో చెప్పడానికి మన వృత్తిలోని ఒక ఉదంతం రాస్తాను. 1980లలో నేను పనిచేసిన ఒక డిపోలో ఘాట్ సర్వీసు బస్సు ఒకటి వెనక ఇరుసు మొత్తం మార్పించుకొని వర్క్‌షాపు నుంచి వచ్చింది. ఆ తరువాత అది ఘాట్ ఎక్కడానికి మొరాయించడం మొదలుపెట్టింది. డ్రైవరు ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేని మనిషి. “బండి లాగడం లేదు సార్, నా చేతిలో లోపం లేదు” అని లాగ్ షీటులో రాశాడు, నోటితోనూ చెప్పాడు. ఇంజెక్టర్లు చూశారు, పంపు చూశారు, క్లచ్ చూశారు, బ్రేకు పట్టేస్తున్నదేమో చూశారు. అన్నీ సరిగానే ఉన్నాయి. కె.ఎం.పి.ఎల్. పడిపోయింది, ట్రిప్పులు ఆలస్యమయ్యాయి. చివరికి డ్రైవరుకే మెమో ఇచ్చారు. ఇంక్రిమెంటు పోయే పరిస్థితి.

మా డిపోలో చదువు తక్కువైనా చేతిపనిలో దిట్ట అయిన మేస్త్రి ఒకాయన ఉండేవారు. “ఇంజన్‌ను తిట్టింది చాలు సార్, ఒకసారి వెనక లెక్కపెట్టనివ్వండి” అని అడిగారు. వెనక ఒకవైపు చక్రం జాకీ మీద లేపి, టైరు మీదా షాఫ్ట్ మీదా సుద్దగీతలు గీసి, చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించారు. పక్కనున్న మరో ఘాట్ బస్సుకు అలాగే చేశారు. ఈ బస్సు షాఫ్ట్ దాదాపు ఒక చుట్టు తక్కువ తిరిగింది. హౌసింగ్ విప్పి చూస్తే పినియన్‌కు ఒక పన్ను ఎక్కువ! మైదానపు రూటు ఇరుసు ఘాట్ బండికి చేరింది. పికప్‌లో పదకొండుకు ఒక పన్ను తేడా అయితే పది శాతం లోపే. భారీ బండ్లలో పినియన్‌కు ఆరేడు పళ్ళే ఉంటాయి గనుక ఒక పంటికే ఏడవ వంతు బలం పోతుంది.

ఇరుసు మార్చారు, బస్సు కొండ ఎక్కింది, మెమో ఉపసంహరించారు. కానీ రెండు నెలలపాటు ఆ డ్రైవరు తోటివారి ముందు తలవంచుకొని తిరిగిన తిరుగుడును ఏ ఉత్తర్వూ ఉపసంహరించలేదు. యంత్రం తప్పును మనిషి మీద రుద్దడం ఎంత సులువో, పళ్ళు లెక్కపెట్టడం ఎంత అరుదో నాకు ఆనాడే తెలిసింది.

పాత బండి కొనేవారికి

అమెరికాలో మన పిల్లలు కూడా ముచ్చటపడి పాత పికప్ కొంటుంటారు. వారికి చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. జనరల్ మోటార్స్ బండి అయితే గ్లవ్ బాక్సులో అంటించిన చీటీ మీద జి.యు.4 అని ఉంటే 3.08, జి.యు.6 అంటే 3.42, జి.టి.4 అంటే 3.73, జి.టి.5 అంటే 4.10. ఫోర్డ్ బండికి డ్రైవరు తలుపు దగ్గరి పట్టీ మీద ఇరుసు సంకేతం ఉంటుంది. అయితే పాత బండికి నడుమ ఎవరైనా ఇరుసు మార్చి ఉండవచ్చు. కనుక మా మేస్త్రి గారి సుద్దగీతల పద్ధతే నమ్మకమైనది. మామూలు డిఫరెన్షియల్‌కు ఒక చక్రం నేల మీద ఉండగా రెండవది రెండు చుట్లు తిప్పితే షాఫ్ట్ తిరిగిన చుట్లే నిష్పత్తి.

టైరు ఎత్తు మర్చిపోరాదు. 29 అంగుళాల టైర్లు తీసి షోకుకు 33 అంగుళాలవి వేస్తే 3.73 ఇరుసు 3.28 లాగా పనిచేస్తుంది. స్పీడోమీటరు 60 చూపుతుంటే బండి 68 మైళ్ళలో పోతుంటుంది. ఇరుసు నిష్పత్తి మార్చదలిస్తే క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి. అవి కర్మాగారంలో కలిపి అరగదీసిన జంట. నాలుగు చక్రాలు లాగే బండికి ముందు ఇరుసు కూడా మార్చక తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యం, లాగడం వేరు, ఆపడం వేరు. 4.10 ఇరుసు ఎంత బరువైనా కదిలించవచ్చు, కానీ బ్రేకులను పెద్దవి చేయదు. దిగుడులో ఇంజన్ పట్టు కూడా ఇరుసు నిష్పత్తితో హెచ్చుతుంది గనుక, మన ఘాట్ డ్రైవర్ల సూత్రం, ఎక్కిన గేరులోనే దిగాలన్నది, అక్కడా వర్తిస్తుంది. బరువైన ట్రైలర్‌కు దాని సొంత బ్రేకులు ఉండాలి. మామూలు ట్రైలర్ బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద పడాలి. మన బండివాళ్ళు బస్తాలు సర్దే పద్ధతే ఇది. ముందు మరీ బరువైతే ఎద్దు మెడలు పుండ్లు పడతాయి, వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్‌కు వెనక బరువు ఎక్కువైతే హైవే మీద పాము తోకలా ఊగి బండిని బోల్తా కొట్టిస్తుంది.

ఎంత బరువు లాగవచ్చన్నది చాలాకాలం ఏ కంపెనీకి ఆ కంపెనీ చెప్పిన మాటే. 2008లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం జె 2807 అనే ఉమ్మడి ప్రమాణం ప్రచురించింది. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్ళకు పైబడిన ఎగుడు దారి మీద, ఎండలో, ఏ.సి. పూర్తిగా వేసుకొని, నిర్ణీత వేగం తగ్గకుండా ట్రైలర్‌ను లాగి చూపాలి. 2011 మోడల్ టుండ్రా పికప్‌తో టొయోటా మొదట దీన్ని పాటించింది. మిగిలిన పెద్ద కంపెనీలు తరువాతి కొన్నేళ్ళలో అనుసరించాయి. అంతకు ముందరి బండ్ల అంకెలను ఈనాటి అంకెలతో పోల్చేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

2017 నుంచి పికప్‌లలో పది గేర్ల బాక్సులు వచ్చాయి. ఫోర్డ్ బాక్సులో మొదటి గేరే 4.70. పాత మూడు గేర్ల ఆటోమేటిక్‌లో అది 2.48 మాత్రమే. అన్ని మెట్లు ఉన్నప్పుడు ఇరుసు అంకె కొంచెం అటూ ఇటూ అయినా బండి సర్దుకుంటుంది. పాత బండికి ఆ వెసులుబాటు లేదు. దాని శక్తి అంతా ఆ పది, పదకొండు, పన్నెండు పళ్ళ మధ్యనే నిర్ణయమైపోయింది. ఇంజన్ ఎంత గొప్పదన్న ప్రశ్నకు ముందు, ఇరుసు ఏ పనికి కోసినదన్న ప్రశ్న వేస్తే, బండికీ న్యాయం జరుగుతుంది, దాన్ని నడిపేవాడికీ న్యాయం జరుగుతుంది.

గ్యారేజీలలో గ్రీజు చేతులతో బతికిన మన సభ్యుల దగ్గర ఇటువంటి విద్య ఇంకా ఎంతో ఉంది. కాగితాల మీదికి రానిది మనతోనే పోతుంది. రాబోయే సంచికలకు వారు కూడా కలం పట్టాలని కోరుతున్నాను.